కాదుగారి వేళ్లు

మా పెదనాన్నను షెడ్డులో అందరూ కాదుగారు అంటారు. చాటుగా కాదు, ఎదురుగానే అంటారు. ఆయన కూడా ఆ పేరుకే పలుకుతాడు.

అది పాత కార్ల రేకులు అమ్మే షెడ్డు. గుద్దుకున్న కార్లు కొని, వాటిలో చెడిపోని తలుపులు, బానెట్లు, మడ్‌గార్డులు విప్పి, కడిగి, వరసల్లో నిలబెట్టి అమ్ముతారు. కొనడానికి వచ్చినవాళ్లు వరసల్లో తిరిగి, రంగు నచ్చినదో, చవగ్గా కనిపించినదో ఒకటి పట్టుకుని గేటు దగ్గరికి వస్తారు. అక్కడ పెదనాన్న కుర్చీలో కూర్చుని ఉంటాడు. కుర్చీ అంటే నిజానికి ఏదో కారు ముందు సీటు, కింద నాలుగు ఇనప కాళ్లు అతికించారు. "ఇది మా కారుకి సరైనదేనా?" అని అడుగుతారు. పదిమంది అడిగితే ఏడుగురికి ఆయన జవాబు ఒక్కటే. "కాదు." ఆ మాట వెనక కారణం ఉంటుంది కానీ, అడిగితేనే చెబుతాడు.

ఆ జవాబు చెప్పడమే ఆయన ఉద్యోగం. కుర్చీలో కూర్చునే మనిషి ఎప్పుడూ అందుబాటులో ఉండాలని షెడ్డు వెనక రెండు గదులు ఇచ్చారు. ముందు గదిలో పెద్దమ్మ, పెదనాన్న ఉంటారు. వెనక గదిలో పొయ్యి, నా మంచం ఉంటాయి. నేను తొమ్మిదో తరగతి మధ్యలో చదువు ఆపేసి వీళ్ల దగ్గరికి వచ్చాను. వచ్చి ఏడేళ్లయింది. రేకులు కడగడం, ఆరాక లోపలివైపు సుద్దతో ఏ కారుదో, ఏ ఏడాదిదో రాయడం నా పని. నా చేతిరాత గుండ్రంగా ఉంటుందని పెదనాన్న ఒకసారి అన్నాడు. ఆయన నన్ను మెచ్చుకున్నది అదొక్కసారే కాబట్టి గుర్తుంది.

ఆయనకు ఒక నియమం ఉంది. పాత రేకు తెస్తేనే మాట చెబుతాడు. సొట్టపడినా, సగం చిరిగినా, మసిబారినా సరే, కారు మీద నించి విప్పిన రేకును ఎదురుగా పెట్టాలి. పక్కన కొత్తగా కొనబోయేది పెట్టాలి. వాటి కోసం గేటు దగ్గర దుప్పటి పరిచిన బల్ల ఉంది. రేకులు కోసే అన్న దానికి వియ్యాల బల్ల అని పేరు పెట్టాడు. ఆ అన్నను అందరూ రంపం అంటారు. రెండు వైపులవాళ్లు ఎదురెదురుగా కూర్చుని ఒకరి లోపాలు ఒకరు వెతుక్కునే చోటు కాబట్టి ఆ పేరు సరిపోయిందని ఆయన ఉద్దేశం.

ఒకరోజు ఒకాయన ఫోను తీసి చూపించాడు.

"తలుపు తేలేదండీ, బరువు కదా. ఫొటో తెచ్చాను. నాలుగు వైపుల నించీ తీశాను."

"ఫొటోకి బిగించుకుంటారా?" అన్నాడు పెదనాన్న.

"అది కాదండీ. కారు పేరు అదే, రంగు అదే, కంపెనీ అదే. ఇంకేం చూడాలి?"

"కవల పిల్లలున్నారనుకోండి. ఒకరి పళ్లసెట్టు ఇంకొకరికి పెడతారా?"

ఆయన నవ్వాడు. పెదనాన్న నవ్వలేదు. మర్నాడు ఆయన తలుపు ఆటోలో వేసుకుని వచ్చాడు. చూస్తే అద్దం పైకీ కిందికీ కదిపే వైర్ల మూతి వేరేది. బయటినించి రెండూ ఒకేలా ఉన్నాయి. పెదనాన్న "కాదు" అన్నాడు. ఆయన తలుపును మళ్లీ ఆటోలో వేసుకుని వెళ్లిపోయాడు.

ఒకే పేరున్న కారు నాలుగేళ్లకోసారి మారుతుంది. ఒక్కోసారి ఏడాది మధ్యలోనే మారిపోతుంది. మడ్‌గార్డు మీద దీపం కన్నం చేరుతుంది. బానెట్ కొక్కెం అంగుళం జరుగుతుంది. తలుపును కారుకు పట్టి ఉంచే ఇనప బందులు వేలి మందం కిందికో పైకో పోతాయి. కంటికి ఏదీ తెలియదు. నేను సుద్దతో రాసే ఏడాది కూడా నమ్మడానికి లేదు, కార్లు అమ్మినవాళ్లు చెప్పిందే నేను రాస్తాను.

పెదనాన్న వేళ్లతో చూసేవాడు. కళ్లు వీధి మీద ఉండేవి, వేళ్లు రేకు వెనక తిరిగేవి. ఫ్యాక్టరీలో పడిన కన్నానికి ఒక పక్క అంచు నున్నగా, రెండో పక్క రంగు కింద కాస్త లేచి ఉంటుంది. ఎవరో తర్వాత ఆకురాయితో రాసి పెద్దది చేసిన కన్నం పళ్లున్నట్టు గరుగ్గా ఉంటుంది. గరుగ్గా తగిలిందంటే ఆ రేకు ఆ కారుది కాదు, ఎప్పుడో ఎవరో బలవంతాన బిగించారు. అలాంటి పాత రేకును చూసి కొత్తది కొంటే, తప్పును చూసి ఇంకో తప్పు కొన్నట్టే. అందుకే ముందు పాతదాన్ని తడిమేవాడు. "ముందు సాక్షి సంగతి తేలాలి" అనేవాడు. మేకుల్లాంటి వేళ్లు, గోళ్లు నల్లగా ఉండేవి. అవి తప్పు చెప్పినట్టు నాకు తెలిసి ఎప్పుడూ లేదు.

పోయిన ఏడాది చలికాలంలో అవి తెల్లబడటం మొదలైంది. పొద్దున్నే కుళాయి దగ్గర ముఖం కడుక్కున్నాక చూస్తే, చూపుడువేలూ మధ్యవేలూ సుద్దముక్కల్లా ఉండేవి. ఈ షెడ్డుకు రాకముందు ఆయన ఇరవై రెండేళ్లు రేకులు సాపు చేసే దుకాణంలో పనిచేశాడు. రోజంతా చేతిలో అదురుతూ తిరిగే సాన మిషను ఉండేదట. ఆ అదురు చేతుల్లోనే ఉండిపోయిందని డాక్టరు పెద్దమ్మతో చెప్పాడు. తగ్గేది కాదని కూడా చెప్పాడు. పెద్దమ్మ ఆ కాగితాన్ని మడిచి బియ్యం డబ్బా కింద పెట్టింది.

ఆ తర్వాత నించి చొక్కా బొత్తాలు పెద్దమ్మే పెట్టేది. టీ గ్లాసు కాలుతున్నా ఆయన అలాగే పట్టుకుని కూర్చునేవాడు.

"కాలట్లేదా?" అంది పెద్దమ్మ ఒకసారి.

"లేదు."

"చెవులు ఎప్పుడో మొద్దుబారాయి, నేను పిలిస్తే వినపడవు. ఇప్పుడు చేతుల వంతు. ఇక నోరొక్కటే మిగిలింది, అది ముందునించీ పనిచెయ్యదు."

ఆయన గ్లాసు కింద పెట్టాడు. వేళ్ల మీద ఎర్రగా గుండ్రటి మచ్చ పడింది. నేను చూశాను, పెద్దమ్మా చూసింది. వెనక గదిలోకి వెళ్లి గ్లాసులు కడిగింది. చాలాసేపు కడిగింది.

షెడ్డులో ఆయన కొత్త పద్ధతి పట్టాడు. రేకు మీద చెంప ఆనించేవాడు. చెంపకు ఇంకా తెలుస్తుంది కాబట్టి, కళ్లు మూసుకుని బానెట్ మీద ఇటునించి అటు చెంప జరిపేవాడు.

"కాదుగారూ, మీ ఆవిడ చూస్తే బాగోదు" అనేవాడు రంపం అన్న. "ముసలితనంలో బానెట్లకి ముద్దులేంటి?"

"నీ పని చూసుకో."

"నాకెవరున్నారు చెప్పండి, ఈ రంపం తప్ప. దీన్ని ముద్దెట్టుకుంటే ముక్కు పోతుంది."

రంపం అన్న జోకులు వేసేవాడు కానీ, పెదనాన్న దగ్గరున్నప్పుడు బోల్టులు ఆయన చేతికి ఇవ్వడం మానేశాడు. బల్ల మీద పెట్టేవాడు. అన్నకూ తెలుసని నాకు అప్పుడు అర్థమైంది.

వానాకాలం మొదట్లో ఒక బానెట్ తిరిగొచ్చింది. రంగు వేయడానికి రుద్దితే, లోపల సొట్టలో నింపిన లప్పం పెచ్చుగా ఊడి పడిందట. లప్పం ఉన్న రేకును పెదనాన్న వేళ్లు గడపలోనే పట్టేసేవి. ఓనరమ్మ ఆ పెచ్చు తెచ్చి ఆయన ముందు పెట్టింది. ఆవిడ గట్టిగా మాట్లాడదు. భర్త పోయాక షెడ్డు తనే చూసుకుంటోంది.

"పెద్దాయనా, పదకొండేళ్లలో ఒకటి తిరిగొచ్చింది. నేనేమీ అనను" అంది. "ఇప్పుడు కారు నంబరు కొడితే ఏ రేకు పడుతుందో చెప్పే సిస్టమ్ ఉందట. పెట్టుకోమని అందరూ అంటున్నారు. మీరున్నారని నేను పెట్టుకోలేదు. ఇంకొకటి తిరిగొస్తే మాత్రం ఆ కుర్చీ గురించి ఆలోచించుకోవాలి."

"సరేనమ్మా" అన్నాడు పెదనాన్న.

కుర్చీ అంటే గదులు కూడా అని ఆవిడ అనలేదు. అనక్కర్లేదు. ఆ సాయంత్రం పెద్దమ్మ రెండు గదులూ ఊడ్చింది. పొద్దున ఒకసారి ఊడ్చినవే.

ట్యాక్సీ డ్రైవరు వచ్చింది మంగళవారం మధ్యాహ్నం. ఎడమవైపు ముందు తలుపు లారీ రాసుకుపోయి లోపలికి పోయింది. గురువారం పొద్దున బండికి తనిఖీ ఉంది. ఆరోజు తలుపు సరిగ్గా మూతపడకపోతే బండి నడపడానికి కాగితం ఇవ్వరు. అతను పాత తలుపు భుజం మీద మోసుకుని వచ్చాడు, బందులు దానికే వేలాడుతున్నాయి.

"పెద్దాయనా, మీరు కాదంటే నా పని అయిపోయినట్టే. నాలుగు షెడ్లు తిరిగి వచ్చాను" అన్నాడు.

"మొదట ఇక్కడికే రావాల్సింది" అన్నాడు రంపం అన్న. "ఇక్కడైతే ఒక్క షెడ్డులోనే నాలుగుసార్లు కాదంటారు."

తలుపు నిండా బురద. నేను దాన్ని కుళాయి దగ్గరికి తీసుకెళ్లి కడిగాను. కింది బందు వెనక గుడ్డ దూర్చి తుడుస్తుంటే వేలికి ఏదో గీసుకుంది. తీసి చూస్తే సన్నటి గాటు, రక్తం కొంచెం తర్వాత వచ్చింది. మళ్లీ వేలు పెట్టి మెల్లగా తడిమాను. గరుగ్గా ఉంది, పళ్లున్నట్టు. బందు పలక దాన్ని దాచేసింది, కింది అంచు దగ్గర మాత్రం బియ్యపు గింజంత బయటికి ఉంది.

గుడ్డపేలిక వేలికి చుట్టుకుని తలుపును బల్ల మీద పెట్టాను. పెదనాన్న చూస్తాడుగా అనుకున్నాను.

ఆయన చూశాడు. హ్యాండిలు చూశాడు, అద్దం మూలనున్న గుర్తు చూశాడు. ఏ ఏడాది తలుపో చెప్పాడు. రంపం అన్న ఆ ఏడాదిది వరసలోంచి తెచ్చి పక్కన పెట్టాడు. తెల్లది, గీత కూడా లేదు. వైర్ల మూతి సరిపోయింది, తాళం సరిపోయింది. ఆఖరున పెదనాన్న పాత తలుపు బందు వెనకకు చూపుడువేలు పోనిచ్చాడు. మామూలుగా అక్కడ ఆయన వేలు ఒక్క ఊపిరి తీసేంతసేపు ఉంటుంది. ఆవేళ మూడు ఊపిరుల సేపు ఉంది. కళ్లు వీధి మీదే ఉన్నాయి. చెంప ఆనించడానికి అక్కడ చోటు లేదు.

"అవును" అన్నాడు.

డ్రైవరు రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టాడు. నేను వేలు వెనక్కి పెట్టుకుని నిలబడ్డాను. అక్కడ ముగ్గురు మగవాళ్లున్నారు, ఆఫీసు కిటికీలో ఓనరమ్మ ఉంది. నేను నోరు తెరిస్తే అందరూ నా వైపు తిరుగుతారు. ఆ కన్నం సంగతి చెప్పడమంటే ఆయన వేళ్ల సంగతి చెప్పడమే. అలా అనుకుంటూ ఉండగానే తెల్ల తలుపు గేటు దాటింది. డ్రైవరు పాత తలుపును అక్కడే వదిలేశాడు, ఇక దాంతో పనేముంది అని.

"మీ బిగింపు ఎక్కడ?" అని అడిగాడు రంపం అన్న.

"ఈ వీధి చివర మెకానిక్ దగ్గర. రేపు పొద్దున పదింటికి బిగిస్తానన్నాడు."

సాయంత్రం భోజనాల దగ్గర పెద్దమ్మ నా వేలు చూసింది.

"ఏమైందే?"

"రేకు గీసుకుంది."

"ఎక్కడ?"

"కడుగుతుంటే."

పెదనాన్న తల ఎత్తలేదు. రోజూ తినేంతే తిన్నాడు. నాకు ఆకలి లేదనీ లేదు, ఉందనీ లేదు. పళ్లెంలో ఉన్నది అయిపోయింది.

మర్నాడు తెల్లవారాక కుళాయి దగ్గర ఆయన వెనక నిలబడి చెప్పాను. వీపుకు చెప్పడం తేలిక.

"పెదనాన్నా, నిన్నటి పాత తలుపు. కింది బందు వెనక గరుగ్గా ఉంది."

ఆయన కుళాయి కట్టేశాడు. రెండుసార్లు తిప్పాల్సి వచ్చింది.

"ఎంత?"

వేలు చాపాను. ఆయన పేలిక విప్పి గాటు దగ్గరగా చూశాడు. తన వేళ్లతో పట్టుకున్నాడు కానీ పట్టుకున్నట్టు ఆయనకు తెలుస్తోందో లేదో నాకు తెలియలేదు.

"ఆకురాయి" అన్నాడు.

పెద్దమ్మ గుమ్మంలోకి వచ్చింది. "నిన్ననే చెప్పాలని తెలియదటే నీకు? మీ పెదనాన్న వేళ్ల సంగతి తెలుసుకదా."

"నేను అడగలేదు" అన్నాడు పెదనాన్న. "దాన్నేమీ అనకు."

షెడ్డు ఇంకా తెరవలేదు, తాళాలు ఓనరమ్మ దగ్గరుంటాయి. పెదనాన్న చొక్కా వేసుకున్నాడు, పెద్దమ్మ బొత్తాలు పెట్టింది. తలుపులు కొలవడానికి ఆయనకో తోలు పట్టీ ఉండేది కానీ అది షెడ్డులో ఉంది. గోడ మీది డబ్బాలోంచి నాలుగు మేకులు తీసి నా చేతిలో పోశాడు.

"పద."

"ఎక్కడికి పొద్దున్నే?" అంది పెద్దమ్మ.

"సాక్షి అబద్ధం చెప్పింది. కారునే అడగాలి."

వీధి చివర మెకానిక్ అప్పుడే షట్టరు ఎత్తుతున్నాడు. డ్రైవరు ముందే వచ్చి గట్టు మీద కూర్చుని ఉన్నాడు. ట్యాక్సీ ఒక పక్క తలుపు లేకుండా నిలబడి ఉంది, తెల్ల తలుపు గోడకు ఆనించి ఉంది.

"పెద్దాయనా, మీరే వచ్చారేంటి?"

"ఆ తలుపు బిగించకండి. అది మీ కారుది కాదు."

"నిన్న అవునన్నారుగా?"

"నిన్న తప్పు చెప్పాను."

మెకానిక్ చేతిలో షట్టరు అలాగే సగంలో ఆగింది. "కాదుగారి నోట తప్పు అనే మాట విన్నాను. ఇక ఈ జన్మకి చాలు, దుకాణం మూసేసుకుంటా" అన్నాడు.

డ్రైవరు నవ్వలేదు. "మరి నా తనిఖీ?"

"తనిఖీ రేపు కదా. ఇవాళంతా ఉంది."

పెదనాన్న మెల్లగా చెప్పాడు. ఈ కారు పాత ఏడాదిది. ఎప్పుడో ఎవరో దీనికి తర్వాతి ఏడాది తలుపు తెచ్చి, కన్నాలు రాసి సాగదీసి తగిలించారు. మీరు కొన్నప్పటికే అలా ఉంది. నిన్న నేను ఆ తలుపును చూసి దానికి జోడీ ఇచ్చాను, కారుకు కాదు. డ్రైవరు విని, "ఆరేళ్లనించి వాన పడితే ఎడమవైపు సీటు తడుస్తుంది. నా ఖర్మ అనుకున్నాను" అన్నాడు.

పెదనాన్న నడుముకున్న బెల్టు విప్పాడు. అది కూడా తోలుదే. ప్యాంటును ఎడమచేత్తో పట్టుకుని, కుడిచేత్తో బెల్టును తలుపు బందులు బిగించే కారు స్తంభానికి నిలువుగా ఆనించాడు. పై బందుకు రెండు కన్నాలు, కింది బందుకు రెండు. బెల్టు మీదినించి కన్నం ఎక్కడుందో చూసి మేకు గుచ్చాలి. ఒక మేకు తీసుకున్నాడు. పడిపోయింది. నేను తీసి ఇచ్చాను. మళ్లీ పడిపోయింది. మూడోసారి ఆయన దాన్ని చూస్తూనే ఉన్నాడు, వేళ్ల మధ్య నించి జారిపోయింది.

మెకానిక్ అటు తిరిగి రెంచీలు సర్దుకున్నాడు.

"నువ్వు పెట్టు" అన్నాడు పెదనాన్న.

బొటనవేలితో బెల్టును నొక్కుకుంటూ పోయాను. కన్నం వచ్చినచోట తోలు లోపలికి దిగుతుంది. అక్కడ మేకు పెట్టి రాయితో కొట్టాను. నాలుగూ అయ్యాయి.

"మీకు తాడు ఏదైనా ఇవ్వనా?" అన్నాడు మెకానిక్, ప్యాంటు వైపు చూసి.

"వద్దు. దగ్గరే."

ఆయన ఒక చేత్తో ప్యాంటు పట్టుకుని ముందు నడిచాడు. నేను మేకులున్న బెల్టును రెండు చేతులా చాపి పట్టుకుని వెనక నడిచాను. రొట్టెల దుకాణం దగ్గర ఇద్దరు మమ్మల్ని చూశారు. మామూలుగా అయితే సిగ్గుతో చచ్చిపోయేదాన్ని. ఆవేళ ఏమీ అనిపించలేదు.

మేము వెళ్లేసరికి షెడ్డు తెరిచి ఉంది. పాత ఏడాది ఎడమ తలుపులు మూడో వరసలో ఐదున్నాయి. మొదటిదానికి బెల్టు మేకులు కన్నాల్లోకి దిగలేదు, నా సుద్దరాత అక్కడ తప్పు. రెండోదానికి నాలుగూ దిగాయి. నెట్టక్కర్లేకుండా దిగాయి.

"వెనక చెయ్యి పెట్టు" అన్నాడు. "ఎలా ఉంది?"

"నున్నగా."

"రెండో పక్క?"

"కొంచెం లేచి ఉంది. కోసుకోవట్లేదు."

"పాముకుంటూ కిందికి రా. లప్పం ఉంటే చల్లదనం మారుతుంది."

"మారలేదు."

"అదే."

ఆ తలుపు ఆకుపచ్చది. రంపం అన్నా నేనూ చెరోవైపు పట్టుకుని వీధి చివరకు మోశాం. మెకానిక్ నాలుగు బోల్టులు తగిలించి వదిలాడు. తలుపు టక్కుమని పడింది. డ్రైవరు తెరిచి మళ్లీ వేశాడు, మళ్లీ తెరిచాడు.

"పచ్చ తలుపేంటని అడిగితే ఏం చెప్పను?" అన్నాడు.

"చిలకని పెంచుతున్నానని చెప్పు" అన్నాడు రంపం అన్న.

తెల్ల తలుపును తిరిగి మోసుకొచ్చేసరికి ఓనరమ్మ గేటు దగ్గర నిలబడి ఉంది. పెదనాన్న ఆవిడ ఎదురుగా ఉన్నాడు. ఇంకా ప్యాంటు పట్టుకునే ఉన్నాడు.

"ఇది నిన్న వెళ్లిన తలుపేగా?" అంది ఆవిడ.

"అవునమ్మా. తిరిగొచ్చింది."

"బిగించనేలేదు కదండీ" అన్నాడు రంపం అన్న. "బిగించాక వస్తేనే తిరిగొచ్చినట్టు. ఇది వీధి చూసొచ్చింది, అంతే."

"తిరిగొచ్చినట్టే" అన్నాడు పెదనాన్న. "నా వేళ్లకి తెలియట్లేదమ్మా. ఏడాదిగా."

ఓనరమ్మ ఆయన చేతుల వైపు చూసింది. తర్వాత రంపం అన్న వైపు చూసింది. అన్న తలుపు మీద లేని దుమ్ము తుడిచాడు. తర్వాత నా వైపు చూసింది.

"అంటే నాకొక్కదానికే తెలియదన్నమాట" అంది.

వీధిలో ఏదో బండి వెనక్కి తిరుగుతూ కూతపెట్టింది.

"ఆ పచ్చది ఎవరు చూశారు?"

"అమ్మాయి" అన్నాడు పెదనాన్న.

ఆవిడ తెల్ల తలుపు మీద చెయ్యి వేసింది. గొంతు పెంచలేదు. "మాట ఎవరిదైనా నాకొకటే. రేకు తిరిగి రాకూడదు. ఇవాళ్టినించి కుర్చీలో ఆ అమ్మాయి కూర్చుంటుంది. మీరు పక్కనుండి నేర్పండి. నేర్పినన్నాళ్లూ గదులు మీవే."

ఆవిడ ఆఫీసులోకి వెళ్లిపోయింది. నేర్పడం అయ్యాక ఏమిటన్నది ఆవిడ చెప్పలేదు.

కుర్చీ ఆయన ఆకారానికి గుంట పడిపోయి ఉంది. నేను కూర్చుంటే కాళ్లు నేలకు అందీ అందకుండా ఉన్నాయి. పెదనాన్న పక్కన చెక్కపెట్టె బోర్లించుకుని కూర్చున్నాడు. గంటలోపే ఒకాయన మడ్‌గార్డు పట్టుకుని వచ్చాడు. పాతదాన్ని బల్ల మీద పెట్టి పెదనాన్న వైపు తిరిగి, "చెప్పండి" అన్నాడు. పెదనాన్న నా వైపు చూశాడు. నేను వెనక చెయ్యి పెట్టాను.

"ఎలా ఉంది?" అన్నాడు ఆయన, నాకొక్కదానికే వినపడేలా.

"గరుగ్గా ఉంది. రెండుచోట్ల."

ఆయన తల ఊపాడు. ఎప్పుడో వదిలి వచ్చిన ఊరి కబురు ఎవరో చెబితే విన్నట్టు ఊపాడు.

"కాదు" అన్నాను.

"ఏంటమ్మా? వినపడలేదు" అన్నాడు వచ్చినాయన.

మళ్లీ అన్నాను. ఆయన పెదనాన్న వైపు చూశాడు. పెదనాన్న వీధి వైపు చూస్తున్నాడు. ఆయన మడ్‌గార్డు తీసుకుని వెళ్లిపోయాడు.

శుక్రవారం పచ్చ తలుపు ట్యాక్సీ షెడ్డు ముందునించి హారను కొట్టుకుంటూ వెళ్లింది. కాగితం ఇచ్చారన్నమాట. రంపం అన్న చెయ్యి ఊపాడు. నేనూ ఊపాను.

పెద్దమ్మ కొత్త బెల్టు కొనుక్కోమంది. పెదనాన్న వద్దన్నాడు. దానికి ముందున్న చిల్లులు కాక మేకులు దిగినవి నాలుగు చేరాయి. పొద్దున్నే ఆయన తడుముకుంటాడు, ఏది అసలు చిల్లో, ఏది మేకు పొడిచిందో ఆయన వేళ్లకు తెలియదు. బొత్తాలు పెట్టడం అయ్యాక పెద్దమ్మే ఆ పనీ చేస్తుంది. నేను బయట నిలబడతాను. పెదనాన్నా నేనూ కలిసి గేటు దగ్గరికి వెళతాం.